బుగ్గలామె ఇచ్చిన బందూకు

మా పక్క ఫ్లాటులో ఉండే అమ్మాయిది గోదావరి వైపు. భర్తకు మేడ్చల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. మొన్న పొద్దున పాపను చంకనెత్తుకుని వచ్చి మా తలుపు కొట్టింది.

“ఆంటీ, ఒక్కసారి వస్తారా? కోతుల కోసమని మా ఆయన గాలి తుపాకి కొన్నారండి. తలుపు వెనకాల పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయారు. పాపేమో దాని దగ్గరికే పాకుతోంది. నాకు ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది.”

వెళ్ళి చూశాను. గొట్టాన్ని మధ్యకు విరిచి గుండు పెట్టే రకం. ఎక్కుపెట్టే ఉంది. వేలు మీట జోలికి పోకుండా ఎత్తి బాల్కనీలోకి తీసుకెళ్ళాను. అక్కడ మట్టి నింపిన పెద్ద కుండీ ఉంది, ఇంకా మొక్క నాటలేదు. గొట్టం మట్టి వైపు పెట్టి కాల్చాను. ‘ఠప్’మనాల్సింది ‘తుస్సు’మంది.

“ఎప్పటి సంది ఇట్ల బిగబట్టి పెట్టిన్రు?”

“వారం అయ్యుంటుందండీ. కోతులొస్తే రెడీగా ఉంటుందని.”

“అట్ల పెడితే లోపల స్ప్రింగు సచ్చిపోతది బిడ్డా. మనిషిని వారం దినాలు వంగబెట్టి నిలబెట్టినట్టు గదా.”

ఆ అమ్మాయి నవ్వింది. తుపాకిని చూసి, నన్ను చూసి, “ఇదంతా మీకెలా తెలుసాంటీ?” అంది.

“మా అవ్వ దగ్గర నేర్చుకున్న” అన్నాను. ఆమెకు చెప్పింది అంతే. అసలు సంగతి ఇంకొంచెం పెద్దది.

మా చిన్నప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఎక్కడ చూసినా ద్రాక్ష తోటలే. మనిషి ఎత్తు రాతి కడీలు, వాటి మీద తీగల పందిరి, పందిరి కింద పచ్చటి నీడ. బయట ఎండ మాడ్చేస్తున్నా పందిరి కిందికి వస్తే ఒళ్ళు చల్లబడేది. మైలుతుత్తం, సున్నం కలిపిన మందు కొట్టిన రోజుల్లో ఆకులన్నీ నీలంగా మారేవి. నాలుక మీద రాగి చెంబు పెట్టినట్టు గాలికే ఒక రుచి వచ్చేది. ఆ మందు వాసన, నీళ్ళు పారిన ఎర్రమట్టి వాసన, ఎక్కడో పగిలిన పండు మీద మూగిన తేనెటీగల చప్పుడు, ఇవన్నీ కలిసినదే నాకు ఇల్లు అంటే.

మాది చిన్న తోట. తోట మూలనే రెండు గదుల పెంకుటిల్లు. ఇంట్లో నాయిన, అమ్మ, తమ్ముడు, నేను, నాయినను కన్న మా అవ్వ. అవ్వ పొడుగు మనిషి. మోచేతుల దాకా పచ్చబొట్లు, కాళ్ళకు వెండి కడియాలు. నవ్వితే చంకలో ఉన్న కోడి కూడా బెదిరి దూకేది, అంత పెద్ద నవ్వు.

గుత్తులు కాయ పట్టే రోజుల్లో ఆడవాళ్ళు చిన్న కత్తెరలు పట్టుకుని గుత్తిలో ఒత్తుగా ఉన్న కాయల్ని తీసేసేవారు, మిగిలినవి లావెక్కాలని. అట్లా రాలిన పుల్లటి కాయల్ని అవ్వ ఒడిలో పోసుకొచ్చి, పచ్చిమిరపకాయలూ ఎల్లిగడ్డా వేసి రోట్లో తొక్కు నూరేది. వేడి జొన్నరొట్టె మీద ఆ తొక్కు వేసుకుంటే కళ్ళు మూతపడేవి. ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకదు. అది చేయాలంటే ముందు తోట ఉండాలి.

కాయ పండుబారిందంటే పిట్టలు దిగేవి. చిలుకలు వస్తే కొంత నయం, పది పండ్లు కొరికి పోతాయి. గోరింకల మంద ఒకటి వచ్చేది. నల్ల తల, గులాబీ రంగు ఒళ్ళు. చలికాలం ఎక్కడి నుంచో వచ్చి, ఎండలు ముదిరేలోగా తిరిగి పోయేవి. పోయే ముందు కడుపు నింపుకోవడానికి మా తోటల మీద పడేవి. మంద వాలిందంటే పందిరంతా అదిరేది. ఒక్కో పిట్ట ఒక్క పండునే పొడిచినా గుత్తంతా పాడే, ఎందుకంటే పగిలిన పండు రసం కారి పక్క పండ్లను కుళ్ళబెడుతుంది. ఆ గుత్తిని వ్యాపారి చేత్తో కూడా ముట్టడు.

డబ్బాలు కొట్టాం, వడిసెలతో రాళ్ళు విసిరాం. అవి ఈ మూల లేచి ఆ మూల వాలేవి. అప్పుడు నాయిన అల్వాల్‌లో తెలిసినాయన దగ్గర పాత ఛర్రా బందూకు ఒకటి తెచ్చాడు. గాలి తుపాకిని మా దగ్గర అట్లాగే అనేవారు. ఛర్రలంటే దానిలో పెట్టే చిన్న సీసపు గుండ్లు.

నాయిన దాన్ని గోడకు ఆనించగానే అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

“ఏంది గిది?”

“పిట్టలకే అవ్వా.”

“పిట్టను కొడ్తవా?”

“కొట్టకపోతె పంట మొత్తం అవే తింటయి గదనే.”

“పంట తిన్నందుకు పానం తీస్తవా? నువ్వొక్క పిట్టను సంపినా సరే, నేను నీ ఇంట్ల బువ్వ ముట్ట. సెప్తున్న.”

నాయిన నెత్తి పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. దారి కూడా అవ్వే చూపించింది. పాత నూనె డబ్బాలు కోయించి, ఆ రేకుల్ని తోట నాలుగు మూలలా, మధ్యలోనూ పొడుగాటి వాసాలకు వేలాడదీయించింది. పిట్టను కాదు, రేకును కొట్టాలి. ఛర్ర తగలగానే రేకు ‘ఠంగ్’మని మోగేది, ఎండలో తళుక్కుమని తిరిగేది. మంద గాలిలోకి లేచేది. కూర్చున్న చోటు నుంచే ఏ మూల కావాలంటే ఆ మూల మోగించవచ్చు. నాయినకు గురి కుదరలేదు. అవ్వ ఒకసారి అడిగి తీసుకుని, కడీ మీద బందూకు ఆనించి, ఒక కన్ను మూసి మీట నొక్కింది. ఎక్కడో చివరి రేకు మోగింది.

“రాయి ఇసిరిన చెయ్యి గదరా. గిదేం కొత్త?” అని తన పెద్ద నవ్వు నవ్వింది.

ఆ రోజు నుంచి కాల్చడం అవ్వ వంతయింది. ఆమె పనుల్లో ఉన్నప్పుడు మాత్రం నాయిన కాల్చేవాడు.

బందూకుకు కూడా ఒంట్లో బాగుండాలని మాలో ఎవరికీ తెలియదు. తెచ్చింది మొదలు పని చేయించడమే. నాయిన పొద్దున్నే ఎక్కుపెట్టి కడీకి ఆనించేవాడు, మధ్యాహ్నం దాకా అట్లాగే ఉండేది. ఛర్రలు అయిపోతే ఉత్తదే కాల్చేవాడు, చప్పుడన్నా వస్తుందని. తమ్ముడూ నేనూ ఇంకో అడుగు ముందున్నాం. ఇంట్లో ఎవరూ లేకుంటే ఇద్దరం కలిసి గొట్టం వంచి, ఛర్రకు బదులు నమిలిన కాగితపు ఉండలు, వేపకాయలు పెట్టి కాల్చేవాళ్ళం. ఒకరోజు తమ్ముడు, “అక్కా, నూనె పోస్తే జోరుగ పేలుతది గావచ్చు” అన్నాడు. అమ్మ తలకు రాసుకునే కొబ్బరినూనె తెచ్చి గొట్టంలో పోశాం. మీట నొక్కగానే ఢామ్మని చెవులు గింగురుమన్నాయి. గొట్టం చివర నుంచి నీలం పొగ వచ్చింది. ఇల్లంతా మాడిన గారెల వాసన. అమ్మ పరుగెత్తుకొచ్చి ముందు మమ్మల్ని తడిమి చూసి, మాకేం కాలేదని తేలాక చీపురుకట్ట తిరగేసింది.

ఆ పంటకాలం నడుమకు వచ్చేసరికి బందూకు బలం తగ్గింది. ముందు చివరి రేకు మోగడం మానేసింది. తర్వాత మధ్య రేకు. ఛర్ర గొట్టంలోంచి వెళ్ళి సగం దూరంలో మట్టిలో పడేది. గొట్టం మూసినా కీలు దగ్గర లటలటలాడేది. మీట సరిగా పట్టేది కాదు, ఒక్కోసారి ముట్టుకోకముందే పేలేది. “పాతది గదా, గట్లనే ఉంటది” అనుకున్నాం.

వ్యాపారి వచ్చి తోట చూసి, ఇంకో వారం ఆగితే తీపి బాగా పడుతుందనీ, అప్పుడు వచ్చి మొత్తం కోయించుకుంటాననీ మాట ఇచ్చి పోయిన మర్నాడు అది జరిగింది. అవ్వ మేకకు ఆకు కోయడానికి పోయింది. చిలుకలు దిగాయని నాయిన బందూకు అందుకున్నాడు. గొట్టం వంచి, ఎడమ చేతి వేళ్ళతో ఛర్ర పెడుతున్నాడు. వంచిన గొట్టాన్ని ఎవరూ పట్టుకుని లేరు. లోపలి కొక్కెం జారింది. గొట్టం ఒక్కసారిగా పైకి తన్నుకుని వచ్చి మూసుకుంది. మధ్యలో నాయిన బొటనవేలు.

నాయిన అరవలేదు. “అమ్మా” అని సన్నగా అని కింద కూర్చున్నాడు. నేను అక్కడే ఉన్నాను. అంత గట్టి మనిషి ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోవడం అదే మొదటిసారి చూడటం. అమ్మ తన కొంగు చింపి కట్టింది. ఎవరిదో స్కూటర్ మీద మేడ్చల్ దవాఖానకు తీసుకుపోయారు. గోరు ఊడింది, ఎముక చిట్లింది. చేతికి ఇంత లావు కట్టుతో సాయంత్రం తిరిగి వచ్చాడు. వచ్చీ రాగానే అన్న మాట, “దాన్ని బాయిల పారెయ్యుండ్రి.”

అవ్వ బందూకు తీసి, ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత నన్ను పిలిచింది.

“పొద్దుగాల నాతోని వస్తవా బిడ్డా?”

“ఏడికవ్వా?”

“జాతరకు.”

శామీర్‌పేట అవతల గుట్ట మీద అప్పుడు జాతర నడుస్తోంది. పొద్దున్నే అవ్వ బందూకును తన పాత జరీ చీరలో, పసిపిల్లను చుట్టినట్టు చుట్టింది. నా నెత్తి మీద చిన్న గంప, దాంట్లో ద్రాక్షపండ్లు. బస్సులో కండక్టరు, “ఏందవ్వా గది, గంత పొడుగున్నది?” అన్నాడు.

“మా కోడలి కొత్త రోకలి” అంది అవ్వ. బస్సంతా నవ్వింది. బిత్తరపోయింది నేనొక్కదాన్నే.

జాతరలో బెల్లం పాకం వాసన, బొంగుపేలాలు, గాజుల దుకాణాలు, దుమ్ము. అవ్వ వేటి దగ్గరా ఆగలేదు. నేరుగా బుగ్గల దుకాణం దగ్గరికి పోయింది, బుగ్గలంటే మా దగ్గర బెలూన్లే. పెద్ద చెక్కకు రంగురంగుల బుగ్గలు వరుసలుగా కట్టి ఉన్నాయి. ముందు ఒక బల్ల. బల్ల మీద మూడు ఛర్రా బందూకులు. దుకాణం నడిపేది ఒక ఆడమనిషి, అమ్మకంటే కొంచెం పెద్దదేమో. ముఖం ఎండకు నల్లబడింది, నోట్లో పాన్. వచ్చిన ప్రతివాడి చేతికి బందూకు ఇచ్చేది కానీ గొట్టం వంచడం, ఛర్ర పెట్టడం మాత్రం తానే చేసేది. ఎవరినీ చేయనిచ్చేది కాదు.

జనం పలుచబడేదాకా అవ్వ పక్కన నిలబడి చూసింది. ఆ తర్వాత ముందుకు వెళ్ళి బల్ల మీద చీర విప్పింది.

“అమ్మా, జెర గిది సూడు.”

బుగ్గలామె బందూకు ఎత్తింది. గొట్టం అటూ ఇటూ ఊపి చూసింది, కొద్దిగా వంచింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ముఖం ముడుచుకుంది.

“దీంట్ల కొబ్బరినూనె ఎవ్వరు పోసిన్రు?”

నేను అవ్వ వెనక్కి జరిగాను.

“పిల్లలు” అంది అవ్వ.

“పిల్లలు ఏమన్న జేస్తరు గానీ... దీంతోని ఎవలికి దెబ్బ తాకింది?”

“ఎట్లెరుకయింది నీకు?”

బుగ్గలామె తన ఎడమ చేయి బల్ల మీద పెట్టింది. చూపుడు వేలికి చివరి కణుపు లేదు. “నాది గూడ గిట్లనే పోయింది. పిల్లప్పుడు, మా నాయిన దుకాణంల. లోపల కొక్కెం ఉంటదక్కా, స్ప్రింగును పట్టుకొనేది. అది అరిగిందంటె మనం చెప్పినట్టు ఇనదు. అందుకే ఛర్ర పెట్టేటప్పుడు ఒక చెయ్యి గొట్టాన్ని ఇడువొద్దు. ఏమైనా సరే ఇడువొద్దు. ఎవరికేమయ్యింది?”

“నా కొడుక్కు. బొటనేలు.”

“ఉన్నదా?”

“ఉన్నది.”

“దేవుని దయ” అంది బుగ్గలామె. అక్కడి నుంచి ఇద్దరూ ఎప్పటి నుంచో తెలిసినవాళ్ళలా మాట్లాడుకున్నారు.

ఆమె బల్ల దగ్గర తన తమ్ముణ్ణి నిలబెట్టి, మమ్మల్ని డేరా వెనక్కి తీసుకుపోయింది. బందూకు లోపలి స్ప్రింగు ఒక్కసారిగా బయటికి తన్నుకు రాకుండా అవ్వ తన బరువంతా వేసి అదిమి పట్టుకుంటే, ఆమె చీల తీసి మెల్లమెల్లగా విప్పింది. అవ్వ పళ్ళు బిగపట్టింది. చెమట కారిపోతోంది. స్ప్రింగు బయటికి వచ్చింది, పాము చుట్టలా, ఒక వైపు వంగిపోయి. దాని ముందు పిస్టను మీద తోలు టోపీ ఒకటి ఉంది. సైకిల్ పంపులో ఉంటుందే, అట్లాంటిదే. మాది ఎండిన ఖర్జూరంలా ముడుచుకుపోయి, అంచులు చిట్లి ఉంది.

“గీ తోలు మెత్తగుంటెనే గాలి ఆగుతది. ఎండిందంటె గాలి పక్కల నుంచి పోతది, ఛర్రకు జోరు రాదు. నెలకొకపారి ఒక్క సుక్క ఆముదం. ఒక్కటే. ఎక్కువ పోస్తె మండుతది” అని నా వైపు చూసింది. కోపంగా కాదు. “ఇన్నవా పిల్లా? నీకే చెప్తున్న. మీ అవ్వ మర్చిపోతది, నువ్వు యాది పెట్టుకో.”

నన్ను కూర్చోబెట్టి ఒక పని చెప్పిన మొదటి మనిషి ఆమే. అప్పటిదాకా అందరూ పొమ్మనేవారే.

ఆమె దగ్గర ఒక రేకు డబ్బా ఉంది, దాంట్లో ఆముదంలో నానుతున్న తోలు టోపీలు. ఒకటి తీసి మా పిస్టనుకు తొడిగింది. స్ప్రింగు కూడా పాతదే అయినా సాఫుగా ఉన్నది ఒకటి వెతికింది. కొక్కెం దగ్గరికి వచ్చేసరికి తల అడ్డంగా ఊపింది.

“గిది నాతోని కాదక్కా. కొత్తది ఎయ్యాలె. పట్నంల మా అన్న చేస్తడు. జాతర అయినంక నేను అటే పోత, చేపిచ్చి తెస్త. అప్పటిదాక దీన్ని ఎవ్వరు ముట్టొద్దు.”

అవ్వ నెమ్మదిగా నేల మీద కూర్చుంది. “జాతర అయ్యేదాకనా? వ్యాపారి వారంల వస్తడు. పిట్టల మంద ఇప్పుడే దిగుతాంది. కొడుకు చెయ్యి చూస్తె అట్లున్నది. గీ పంట పోతె ఇగ తోట తీసుడే.”

బుగ్గలామె పాన్ పక్కకు ఉమ్మి, డేరా ముందుకు పోయి, బల్ల మీద ఉన్న మూడింటిలో ఒకటి తీసుకుని వచ్చింది. గొట్టం వంచి, మూసి, చెవి దగ్గర పెట్టుకుని విని, అవ్వ ఒళ్ళో పెట్టింది.

“గిది తీస్కపో.”

“జాతర నడుమ నీకు కావద్దా?”

“రెండున్నయి గద. అందరు బుగ్గల కోసం వస్తరు, బందూకులు లెక్కవెట్టరు.”

“నన్ను ఎరుగవు. నా ఊరు ఎరుగవు. ఎట్ల ఇస్తున్నవు?”

బుగ్గలామె మా పాత బందూకును జరీ చీరలో తిరిగి చుడుతూ, “చెడిపోయిన బందూకును గింత మంచి చీరల చుట్టుకొచ్చినవ్. మంచిగున్నదాన్ని పారేస్తవా?” అంది.

మా ఊరు, తోట గుర్తులు చెప్పి, గంపెడు ద్రాక్ష అక్కడే పెట్టేసి వచ్చాం. బస్సులో అవ్వ మధ్యలో ఒకసారి కొంగుతో కళ్ళు తుడుచుకుని, “దుమ్ము” అంది.

మంద మర్నాడే దిగింది. సూర్యుడు ఇంకా తాటిచెట్ల వెనకే ఉన్నాడు. ముందు గాలి చప్పుడు వినిపించింది, తర్వాత ఆకాశంలో ఒక మరక కనిపించింది. ఆ మరక తిరిగి, వంగి, మా తోట వైపుకే వచ్చింది. అవ్వ కడీ దగ్గర నిలబడింది. గొట్టం వంచింది, ఒక చేయి వదలకుండా పట్టుకుంది. నేను ఛర్రల డబ్బీ పట్టుకుని పక్కనే ఉన్నాను. మొదటి దెబ్బకే చివరి రేకు మోగింది. అంత చక్కటి చప్పుడు నేను మళ్ళీ వినలేదు. మంద లేచింది. తూర్పు మూల వంగబోతే తూర్పు రేకు మోగింది. నడుమ వాలబోతే నడుమ రేకు. అమ్మ ఒక గట్టు మీద తాంబాళం కొడుతోంది. తమ్ముడు కేకలు వేస్తూ పరుగెడుతున్నాడు. ఇంట్లోంచి నాయిన వచ్చాడు, కట్టు కట్టిన చేయి గుండెలకు ఆనించుకుని, రెండో చేత్తో డబ్బా మోగిస్తూ.

“అవ్వా, బాయి దిక్కు! బాయి దిక్కు!”

“సూసిన తియ్యరా!”

ఎండ నెత్తికెక్కేదాకా అదే పని. అవ్వ భుజం కమిలి నల్లబడింది. అయినా ఇంకెవరికీ ఇవ్వలేదు. మంద చివరికి విసిగి చెరువు వైపుకు పోయింది. తర్వాతి రోజుల్లో మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. బాయి పక్క రెండు సాళ్ళు పాడయ్యాయి. మిగతా తోట నిలబడింది. వ్యాపారి మాట ప్రకారం వచ్చాడు. ఆడవాళ్ళు గుత్తులు కోసి గంపల్లో పేర్చుతుంటే నాయిన పందిరి కింద అటూ ఇటూ తిరుగుతూ, “ఒక్క పిట్ట సావలేదు. ఒక్క పిట్ట గూడ సావలేదు” అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు. అవ్వ ఆ రోజు అన్నం రెండోసారి వడ్డించుకుంది.

జాతర అయ్యాక బుగ్గలామె అన్నట్టే వచ్చింది. డేరా సామానుతో, తమ్ముడితో, మా బందూకుతో. కొత్త కొక్కెం వేయించింది. కీలు దగ్గర బోల్టు బిగించి ఉంది, గొట్టం కదలడం లేదు. అవ్వ ఆమె బందూకు తిరిగి ఇచ్చే ముందు దాన్ని నా చేత తుడిపించింది. గొట్టంలో మెత్తటి గుడ్డ పుల్లకు చుట్టి తోయించింది, కీలుకు కుట్టుమిషను నూనె ఒక చుక్క వేయించింది. బుగ్గలామె గొట్టంలోంచి ఆకాశం చూసి, “నేనిచ్చినప్పుడు గింత సాఫు లేకుండెగదనే!” అంది.

ఆ పూట పందిరి కింద చాప వేశారు. అమ్మ సర్వపిండి కాల్చింది, అంచులు కరకరలాడుతూ. తాటిచెట్ల నుంచి కల్లు వచ్చింది. అవ్వ, బుగ్గలామె కుండ నడుమ పెట్టుకుని కూర్చున్నారు. ఎవరి కష్టాలు వాళ్ళు చెప్పుకుంటారనుకున్నాను. కాదు. జాతరల్లో గొప్పలు చెప్పి ఒక్క బుగ్గ కూడా కొట్టలేకపోయిన మగవాళ్ళ కథలు ఆమె చెబుతుంటే, అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. చంకలో కోడి లేకపోయింది గానీ ఉంటే దూకేదే. నాయిన కూడా దూరంగా కూర్చుని వింటూ నవ్వాడు. ఆ మధ్యలో తన కట్టు చేయి చూపించి, “అక్కా, మీరు లేకుంటె నేను బందూకును బాయిల ఏస్తుంటి” అన్నాడు.

“బాయిల ఏస్తె బాయి ఏం పాపం జేసింది?” అంది ఆమె.

ఆ తర్వాత ఏటా జాతర ముగిశాక ఆమె మా తోటలో ఆగేది. ముందు బందూకు తెమ్మనేది. గొట్టం వంచి, వాసన చూసి, నా వైపు చూసేది. ఆ చూపు కోసం నేను ఏడాదంతా దాన్ని సాకేదాన్ని. ఉత్తది కాల్చనిచ్చేదాన్ని కాదు. ఎక్కుపెట్టి వదిలేస్తే నాయినతో కూడా కొట్లాడేదాన్ని. వానాకాలం తుప్పు పట్టకుండా నూనె గుడ్డలో చుట్టి పైకప్పు వాసాల మీద పెట్టేదాన్ని. తోలు టోపీ అరిగితే నేనే చెప్పగలిగేదాన్ని, చప్పుడును బట్టి. “ఈ యేడు మార్చాలె” అంటే బుగ్గలామె విప్పి చూసి, “పోరికి చెవులున్నయి” అనేది. స్కూల్లో ఎంత మెచ్చుకున్నా ఆ మాటంత తీపిగా ఉండేది కాదు.

తర్వాత నీళ్ళు పోయాయి. బాయి ఎండింది. బోర్లు వేశాం, అవీ ఎండాయి. ఒక్కో తోటవాళ్ళే తీగలు కొట్టేసి కడీలు పీకి అమ్ముకున్నారు. అటువైపు భూములన్నీ ప్లాట్లయ్యాయి. మా తోట కూడా పోయింది. పోయిందని ఏడ్చింది తక్కువ, అప్పటికే అన్నీ పోయిన తర్వాత మాది పోయింది కాబట్టి. తీగలు కొట్టిన ఆ యేడు అవ్వ ముసలిదైపోయింది. అయినా నన్ను వెంటబెట్టుకుని జాతరకు బయలుదేరింది. బుగ్గల దుకాణం బల్ల మీద బందూకు పెట్టింది.

“ఇగ మాకు పిట్టలు లేవు, పండ్లు లేవు. నీ దగ్గరుంటె పనికొస్తది” అంది.

బుగ్గలామె కాదనలేదు. దాన్ని తన బందూకుల వరుసలో పెట్టింది. అవ్వ చేయి పట్టుకుని నిలబడింది. అంతలో ఒక తండ్రి చిన్న బిడ్డను భుజాల మీద నుంచి దించాడు. బుగ్గలామె మా బందూకునే వంచింది, గొట్టం వదలకుండా పట్టుకుని ఛర్ర పెట్టి, ఆ బిడ్డకు అందించింది. మొదటిది తప్పింది. రెండోది పసుపు బుగ్గకు తగిలి అది పగిలింది. బిడ్డ కంటే అవ్వ ఎక్కువ మురిసిపోయింది.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. నాయిన వెళ్ళిపోయి కూడా చాలా కాలమైంది. మా తోట ఉన్న చోట ఏ వీధి ఉందో నాకే సరిగా తెలియదు. దాని కోసం నాకు దిగులు లేదు. ఒక పిట్టను కూడా చంపకుండా పంట కాపాడుకున్న ఇంట్లో పెరిగాను. ఒక్క చుక్క నూనె ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో నాకు ఓపిగ్గా చెప్పిన మనిషి ఉండేది. ఇంతకంటే పెద్ద ఆస్తి ఏ బిడ్డకైనా ఏం కావాలి?

ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే నా చేయి వెనక్కి పోదని మా పిల్లలు విసుక్కుంటారు. ‘తెలియని వాళ్ళకు కూడా ఎందుకిస్తావమ్మా’ అంటారు. అది నా మంచితనమేమీ కాదు. చిన్నప్పుడు, జాతర దుమ్ములో, డేరా వెనక కూర్చుని చూసి నేర్చుకున్నది.